ఎంగిలి వద్దు, పరిగె కావాలి

అన్నం పరబ్రహ్మ స్వరూపం అన్నారు పెద్దలు. కానీ నేటి సమాజంలో ఆ అన్నం కొందరి విస్తరిలో మిగిలి కుప్పతొట్టి పాలవుతోంది, కొందరి కంచంలోకి అసలు రావడమే లేదు. ఆకలి గురించి ఎవరు మాట్లాడినా దేశంలో తిండి చాలడం లేదనే మొదలుపెడతారు. ఈ వార్షికోత్సవ సంచికలో మేము ఇంకో మాట చెప్పదలచుకున్నాం. పండించినది తక్కువై కాదు, పండించినది పారబోసుకుని ఆకలితో ఉంటున్నాం. పారబోసేదాన్ని ఆకలి ఉన్నచోటికి చేర్చే దారి ఒకటి మన పల్లెల్లోనే ఉండేది. దాని పేరు పరిగె.

హాస్టల్లో చదువుతున్న తమ్ముళ్లలో, చెల్లెళ్లలో చాలామందికి ఈ మాట తెలియకపోవచ్చు. వరి కోసి, పనలు ఎత్తి, కుప్ప వేశాక మడిలో అక్కడక్కడా వెన్నులు రాలి ఉంటాయి. వాటిని ఏరుకోవడమే పరిగె. మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి తరం మేము. మాకు ముందు తరం ఆడవాళ్లంతా కోతల కూలికి వెళ్లినవాళ్లే. పొద్దంతా కోసి, వంగిన నడుము ఎత్తకుండా సాయంత్రం ఒడిలోకి ఇన్ని వెన్నులు ఏరుకునేవారు. ఇంటికొచ్చి కాళ్లతో నలిపి, చాటతో చెరిగి, రోట్లో దంచితే ఒక పూట గంజికి సరిపడా నూకలు వచ్చేవి. పిల్లలు గట్ల మీద ఎలక కలుగులు తవ్వి, ఎలకలు దాచుకున్న వెన్నులు కూడా తీసేవారు. వేరుశనగ చేలో తవ్వకం అయ్యాక మట్టిలో మిగిలిన కాయలనూ, గాలివానకు రాలిన మామిడికాయలనూ ఇలాగే ఏరుకునేవారు.

పరిగెను మేము పొగడడం లేదు. కోసిన చేతులకు కడుపునిండా కూలి గిట్టి ఉంటే ఎవరూ చీకటిపడే దాకా మడిలో వెన్నులు ఏరరు. ఏరుకుంటుంటే తరిమిన రైతులు కూడా ఉన్నారని మా పెద్దలు చెబుతారు. కానీ పరిగెలో ఒక మంచి గుణం ఉంది. ఏరుకునే మనిషి ఎవరి గుమ్మం ముందూ చెయ్యి చాపలేదు. రైతు కుప్ప ఎత్తుకుపోయాక మడిలో రాలినది ఏరుకునేవాళ్లదే అనే కట్టుబాటు చాలా ఊళ్లలో నడిచింది. అది దానం కాదు. పేరు పెట్టని హక్కు.

లోకమంతా ఉన్న ఆచారం

ఈ ఆచారం మన ఒక్కరిదే కాదు. మన పేటల్లో ఆదివారం చదివే బైబిలులో రూతు కథ తెలియనివారు ఉండరు. ఆమె విధవరాలు, పరదేశి. అత్తను పోషించడానికి బోయజు పొలంలో యవల పరిగె ఏరుకుంది. అది బోయజు మంచితనం మాత్రమే కాదు. పొలం అంచులు పూర్తిగా కోయకూడదనీ, రాలినది ఏరకూడదనీ, దాన్ని బీదవారికీ పరదేశులకూ విడిచిపెట్టాలనీ లేవీయకాండంలో ఆజ్ఞ ఉంది. పొలంలో మరచిపోయిన పన కోసం వెనక్కి వెళ్లవద్దనీ, అది పరదేశికీ, తండ్రిలేనివారికీ, విధవరాలికీ చెందుతుందనీ ద్వితీయోపదేశకాండం చెబుతుంది. అంటే మూడు వేల ఏళ్ల నాటి సమాజం కూడా మిగులును దయకు వదిలేయలేదు, చట్టంలో రాసింది.

ఆ హక్కును తీసేసిన చరిత్ర కూడా ఉంది. ఇంగ్లండులో కోతలయ్యాక బీదవాళ్లు పొలాల్లో గింజలు ఏరుకోవడం తరతరాల ఆచారం. 1788లో స్టీల్ వర్సెస్ హౌటన్ అనే కేసులో అక్కడి న్యాయస్థానం పరిగె ఏరుకోవడం చట్టం ఇచ్చిన హక్కు కాదని తీర్పు చెప్పింది. కేసు ఓడినది మేరీ హౌటన్ అనే స్త్రీ. పొలం ఆస్తి అనే ఆలోచన బలపడుతున్న కాలం అది. ఫ్రాన్సులో ఆ ఆచారం నిలిచింది. అక్కడ 1857లో మిల్లే అనే చిత్రకారుడు పరిగె ఏరుకుంటున్న ముగ్గురు ఆడవాళ్ల బొమ్మ గీస్తే పేదరికాన్ని ఇంత పెద్దగా చూపిస్తావా అని ధనికులు మండిపడ్డారు. ఈ రోజు ఆ బొమ్మను చూడడానికి జనం పారిస్ వెళుతున్నారు.

మన దగ్గర పరిగెను కోర్టు తీసేయలేదు. యంత్రం తీసేసింది. వరికోత మిషను ఒకే పూటలో కోసి, నూర్చి, ధాన్యం ట్రాక్టరులో పోస్తోంది. రాలేది వెన్ను కాదు, విడి గింజ. బురదలో పడిన గింజను ఏరే మనిషి ఉండదు. కూలీ పోయింది, దానితో పాటు పరిగె పోయింది. మిషను వద్దని మేము అనం. మా అమ్మల నడుములు ఎలా అరిగిపోయాయో మాకు తెలుసు. కానీ ఒక హక్కు చప్పుడు లేకుండా పోయినప్పుడు దాని చోట ఏమి వచ్చిందో అడగాలి కదా.

ఎంగిలికీ పరిగెకీ తేడా

దాని చోట ఎంగిలి వచ్చింది. నిజానికి ఎంగిలి ఎప్పటి నుంచో ఉంది. పెళ్లివారింట అందరి భోజనాలూ అయ్యాక పెరటి గుమ్మం దగ్గర నిలబడి, మిగిలిన కూరా అన్నం కలిపి పోస్తే గిన్నెలో పట్టుకెళ్లిన రోజులు మన పెద్దలకు గుర్తే. ఆ తిండితో కడుపు నిండి ఉండవచ్చు, తల మాత్రం వంగింది. 1927 మార్చిలో మహాద్ సభలో డాక్టర్ అంబేద్కర్ తన జనానికి చెప్పిన మాటల్లో ఇదొకటి. చచ్చిన పశువు మాంసం తినడం మానండి, పారేసిన మెతుకులకు ఆశపడడం మానండి, ఆత్మగౌరవం అక్కడి నుంచే మొదలవుతుందని ఆయన బోధించారు. అందుకే ఈ రోజు ఎవరైనా "మిగిలిన అన్నం పారేయకండి, హాస్టలు పిల్లలకు ఇవ్వండి" అంటే మాలో చాలామందికి ఒళ్లు మండుతుంది. ఆ మంట న్యాయమైనదే.

కానీ ఆ కోపంలో ఒక సంగతి మరచిపోకూడదు. మిగులు అంతా ఒకటి కాదు. మా లెక్కలో అది మూడు రకాలు.

మొదటిది, ఎవరూ ముట్టని తాజా సరుకు. చేలో కోయకుండా వదిలేసిన టమాటా, సంతలో పొద్దుగూకే వేళకు అమ్ముడుపోని వంకాయ, బెండ, ఆనపకాయ, గెల నుంచి విడిపోయిన అరటిపళ్లు, సైజు చిన్నదని వ్యాపారి తీసి పక్కన పడేసిన మామిడికాయ. ఇది పరిగె. దీన్ని తీసుకోవడంలో చిన్నతనం లేదు.

రెండవది, వండి ఎవరికీ వడ్డించని భోజనం. డేగిసాలో మిగిలినది. వేడి చల్లారకముందే చేరిస్తే ఇదీ మంచి ఆహారమే. ఆలస్యమైతే విషం. వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి బయట వదిలేయవద్దనీ, వేడిగా ఉంచాలంటే 60 డిగ్రీలకు పైన ఉంచాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో కూడా ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ మిగులు ఆహారం సేకరణ, పంపిణీ మీద 2019లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. రాత్రి పదకొండుకు పెళ్లి భోజనాలు ముగిస్తే మర్నాడు పొద్దున్న గుర్తొచ్చి పంపించే పులిహోర దానం కాదు, ప్రమాదం.

మూడవది, విస్తరిలో వదిలినది. దీన్ని ఏ మనిషికీ ఇవ్వకూడదు. దీనికి ఒకటే మందు, వదలకుండా తినగలిగినంతే పెట్టించుకోవడం.

ఈ మూడింటినీ కలిపి ఒకే బకెట్టులో పోసి "అన్నదానం" అని పేరు పెట్టడం దగ్గరే తప్పు జరుగుతోంది. మేము అడిగేది మొదటి రకం కోసం. దాన్ని తిరిగి పరిగెగా నిలబెట్టుకోవడం కోసం.

పారబోత లెక్కలు

ఇదంతా ఊహ అనుకోవద్దు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో ఇళ్లు, హోటళ్లు, దుకాణాలు కలిసి 105 కోట్ల టన్నుల ఆహారం పారేశాయి. అందులో 63 కోట్ల టన్నులు ఇళ్ల నుంచే. మన దేశంలో ఒక్కొక్కరి వాటా ఇంటి దగ్గరే ఏడాదికి దాదాపు 55 కిలోలు. ఇది పొలంలో, దారిలో పోయినది కలపని లెక్క. ఆ లెక్క వేరే ఉంది. కేంద్ర ప్రభుత్వం కోసం నాబార్డుకు చెందిన నాబ్‌కాన్స్ సంస్థ 2022లో చేసిన అధ్యయనం కోత మొదలుకొని మార్కెట్ దాకా పళ్లలో 6 నుంచి 15 శాతం, కూరగాయల్లో దాదాపు 5 నుంచి 12 శాతం నష్టపోతున్నామని తేల్చింది.

ఇక రెండో వైపు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత. రేషను బియ్యం అందుతున్న రాష్ట్రంలో ఈ పరిస్థితి ఏమిటి? బియ్యంతో కడుపు నిండుతుంది, రక్తం మాత్రం పట్టదు. దానికి ఆకుకూర కావాలి, కాయగూర కావాలి, పప్పు, గుడ్డు, పండు కావాలి. సరిగ్గా ఆ ఆకుకూర, ఆ కాయగూర, ఆ పండే మనం ఎక్కువగా పారబోస్తున్నది. అంటే మన ఇళ్లలో కరువైనదీ మన సంతల్లో కుళ్లుతున్నదీ ఒకటే సరుకు.

రైతుకు కూడా ఇది కన్నీటి లెక్కే. మదనపల్లె, పత్తికొండ మార్కెట్లలో టమాటా కిలో రూపాయికీ రెండు రూపాయలకీ పడిపోయిన రోజులు ఎన్నోసార్లు వచ్చాయి. కోత కూలి, వ్యాను కిరాయి కూడా రాని ధరకు అమ్మడం కంటే చేలో వదిలేయడమో రోడ్డు పక్కన పారబోయడమో మేలని రైతు అనుకుంటాడు. అదే టమాటా 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటితే ప్రభుత్వం కొని రైతుబజార్లలో 50 రూపాయలకు అమ్మవలసి వచ్చింది. 2025లో చిత్తూరు ప్రాంతంలో తోతాపురి మామిడి ధర పడిపోతే ప్రభుత్వం కిలోకు 4 రూపాయల చొప్పున రైతుకు సాయం ప్రకటించింది. ధర లేదంటే తినేవాళ్లు లేరని కాదు. కొనే శక్తి ఉన్నవాళ్ల దగ్గరికి ఎక్కువ, తినవలసినవాళ్ల దగ్గరికి తక్కువ వెళుతోందని అర్థం.

మన మండలంలో ఏం చేయవచ్చు

మా ఎస్. రాయవరం వరి, చెరకు, జీడిమామిడి, కొబ్బరి, కూరగాయలు పండే నేల. జాతీయ రహదారి అడ్డరోడ్డు మీదుగానే పోతుంది. ఇటు తుని, అటు యలమంచిలి, అనకాపల్లి, పైన నర్సీపట్నం. సరుకు కదిలే చోటు మనది. సరుకు కదిలే చోట మిగులు తప్పదు. అందుకే మా సూచనలు ఇవి.

ప్రతి హాస్టల్లో అయిదారుగురు విద్యార్థులతో ఒక పరిగె కమిటీ ఉండాలి. వార్డెనుగారికీ, వంటవారికీ తెలిసే ఈ పని జరగాలి. సంత రోజున పొద్దుగూకే వేళకు గోనెసంచులు, ఒక కాటా పట్టుకుని వెళ్లాలి. అమ్ముడుపోని తాజా కూరను అమ్మేవారు ఇష్టంగా ఇస్తేనే తీసుకోవాలి. ఎవరు ఎన్ని కిలోలు ఇచ్చారో, అది ఎక్కడికి వెళ్లిందో ఒక పుస్తకంలో రాయాలి. లెక్క ఉన్నచోట అనుమానం ఉండదు.

ధర పడిపోయి చేలో వదిలేస్తున్న రైతు ఒక్క ఫోను చేస్తే ఆదివారం కోతకు మనుషులు రావాలి. ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ వాట్సాప్ గ్రూపు ఉంది, పని కష్టం కాదు. అయితే ఒక షరతు. డబ్బిచ్చి కోయించే పని ఉన్నంతకాలం విద్యార్థులు ఆ చేలో దిగకూడదు. కూలీ కోత అయ్యాకే పరిగె. లేకపోతే మన అమ్మల కూలిని మనమే పోగొట్టినవాళ్లం అవుతాం.

ఏరిన సరుకును ఊరందరూ వచ్చే చోట పెట్టాలి. రామకోవెల అరుగు కాదు, చర్చి వరండా కాదు, బడి ఆవరణ మంచిది. ఎవరైనా వచ్చి ఎవరికి కావలసినంత వాళ్లు తీసుకోవచ్చు. కార్డు అడగకూడదు, కులం అడగకూడదు. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు, నడవలేనివాళ్లకు ఇంటికి పట్టుకెళ్లి ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, ఫొటో తీయకూడదు. కిలో వంకాయలు ఇచ్చి ముసలమ్మ చేతిని పట్టుకుని ఫొటో దిగితే పరిగె మళ్లీ ఎంగిలిగా మారిపోతుంది.

"ఎప్పుడూ మన పిల్లలే ఏరాలా?" అని అడిగే మిత్రులున్నారు. మంచి ప్రశ్న. ఏరడం మన కులం పని కాదు. అందుకే ఈ పని హాస్టళ్లతో ఆగకూడదు. జాతీయ సేవా పథకం 1969లో మొదలైంది. అందులో చేరిన డిగ్రీ విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. ఆ గంటల్లో కొన్ని మొక్కల ఫొటోలకు బదులు పరిగెకు ఇస్తే రైతు బిడ్డ, కూలి బిడ్డ, కోమటింటి బిడ్డ ఒకే మడిలో వంగుతారు. వంగడం అందరిదీ అయినప్పుడే అది అవమానం కాకుండా పోతుంది.

ఇక మన మెస్సు సంగతి. వంద మంది ఉన్న హాస్టల్లో ఒక్కొక్కరు పూటకు 50 గ్రాముల అన్నం వదిలేశారనుకుందాం. పూటకు 5 కిలోల అన్నం, అంటే దాదాపు 2 కిలోల బియ్యం. రెండు పూటలు, ముప్పై రోజులు లెక్క కడితే 120 కిలోలు. మన దగ్గర ఇది జరుగుతోందని కాదు, ఒక్క పిడికెడు ఎంత బరువో చూడమని చెబుతున్నాం. కూర బాగోలేక వదిలేస్తే మాత్రం తప్పు పిల్లలది కాదు. రోజూ వంటవారితో విద్యార్థులు కూర్చుని రేపటి లెక్క, రేపటి కూర మాట్లాడుకుంటే సగం పారబోత అక్కడే ఆగుతుంది.

హక్కును వదులుకోకుండా

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. పరిగె ప్రభుత్వ బాధ్యతకు బదులు కాదు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడి పిల్లలకు వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చింది. 5 రూపాయల భోజనం పెట్టే అన్న క్యాంటీన్లు 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. ప్రభుత్వం మారితే ఆకలి మారదు, కంచం మాత్రం మారుతుందని ఈ ఒక్క ఉదాహరణ చాలు. అందుకే దయ కన్నా చట్టం గట్టిది. ఊరు కూరగాయలు ఇస్తోంది కదా అని హాస్టలు మెనూలో ఒక్క గుడ్డు తగ్గించినా మేము ఒప్పుకోం. పరిగె మెనూ మీద అదనం కావాలి గాని మెనూకు బదులు కాకూడదు.

గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు వేళ కాని వేళ వచ్చినవారికి కూడా వండి పెట్టారు. ఆమె 1909లో కన్నుమూశారు. 2024లో మన రాష్ట్రంలో మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టారు. ఆ తల్లికి మేము చేతులు జోడిస్తాం. అయినా ఒక మాట. ఒక సీతమ్మగారు ఉన్నంతకాలమే ఆ గుమ్మంలో అన్నం ఉంటుంది. హక్కు అయితే మనిషి పోయినా ఉంటుంది. ఆమె పేరు పెట్టిన పథకంలో పిల్లవాడు చెయ్యి చాపకుండా కూర్చుని తింటున్నాడు. పరిగెను కూడా అక్కడికే చేర్చాలని మా కోరిక. పంచాయతీ తీర్మానం చేసి, సంతలో అమ్ముడుపోని తాజా సరుకుకు ఒక చోటు, ఒక నీడ, ఒక కాటా కేటాయిస్తే చాలు, అది మొదటి మెట్టు. దానికి కోట్లు అక్కర్లేదు.

మిత్రులారా! గురజాడ అప్పారావుగారు 1862లో పుట్టినది ఈ ఎస్. రాయవరంలోనే. దేశభక్తి గేయంలో ఆయన మనిషి తిండినీ, మనిషి సత్తువనూ దేశం బాగుతో ముడివేశారు. ఆయన పుట్టిన నేల మీద కూరగాయలు కుళ్లుతూ, పక్క పేటలో తల్లులు నెత్తురు లేక సోలిపోతూ ఉంటే జయంతి రోజున దండ వేసి ఊరుకోవడం మనకు చాలదు. చదువుకున్న మొదటి తరం మనం. మన ముందువాళ్లు వంగి ఏరుకున్నది ఆకలి తీరడానికి. మనం ఏరవలసింది ఎవరూ ఎవరి ముందూ వంగకుండా ఉండడానికి. వచ్చే సంత రోజుకు ఎన్ని సంచులు కావాలో ఈ వారమే లెక్క వేద్దాం రండి.

– పూర్వ విద్యార్థుల తరఫున, ఒక పి.జి. విద్యార్థి